కుండల కింద తడి ఇసుక

మా అత్త పోయింది. ఆ కబురు నాకు యాంగాన్‌లోని పబేడాన్ బజారులో అందింది. పసుపు కొట్టు ముందు నిలబడి, పాత సరుకు అంటగడుతున్నావని కొట్టువాడితో గొడవపడుతుంటే ఫోన్ మోగింది. అత్త కొడుకు. "అమ్మ ఎల్లిపోయినాది వదినా" అన్నాడు. నేనడిగిన మొదటి మాట, "కుండల్లో నీల్లున్నాయా?" అని. ఇంకెవరైనా అయితే దీనికి మతి పోయిందనుకునేవారు. అతను అనుకోలేదు. "పొద్దున్న నానే పోసినాను" అన్నాడు ఏడుపు ఆపుకుంటూ.

ఏ కుండలు, వాటి గొడవ ఏమిటి అన్నది చెబితే గాని మా అత్తను గురించి చెప్పినట్టు కాదు.

సంచౌంగ్ పేటలో మా సందు మొదట్లో ఒక చెక్కగూడు ఉంది. పైన రేకు కప్పు, లోపల ఇసుక పోసిన తొట్టి, ఆ ఇసుకలో రెండు మట్టికుండలు, పక్కన మేకుకు ఒక లోటా. దారినపోయేవాళ్లు దాహం తీర్చుకోవడానికి పెట్టిన నీళ్లు. ఈ ఊళ్లో ఇలాంటి గూళ్లు చాలానే ఉన్నాయి. బర్మావాళ్లు దీన్ని కుతో అంటారు, మనం పుణ్యమంటాం. అత్త మాత్రం ఏ పేరూ పెట్టేది కాదు. "నీల్లు పెట్టినాను, తాగుతారు. దానికో పేరెందుకే?" అనేది.

ఆమె నాకు మేనత్త కాదు. కింద వాటాలో ఉండేది, మేం పై వాటాలో. వాళ్ల తాతా మా తాతా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోసినవాళ్లేనట. మా అమ్మ ఆమెను వదినా అని పిలిచేది, అందుకని మాకు అత్త అయింది. బర్మా వాళ్లందరికీ ఆమె డోజీ, అంటే పెద్దమ్మ. సందులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు.

గూటి పక్కనే గోడకు ఒక కుళాయి ఉంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అది కారుతూనే ఉంది. ఎన్నిసార్లు బాగుచేయించినా మళ్లీ మొదలయ్యేది. చివరికి అత్తే దానితో రాజీ పడింది. ఆమె గుడికి మల్లెదండలు కట్టేది. ఆ పూలదారం ముక్క ఒకటి తీసి ఒక కొస కుళాయి మూతికి కట్టింది, రెండో కొస తొట్టిలోని ఇసుకలో పాతింది. అప్పటినుంచి చుక్క నేలమీద పడి చప్పుడు చేయడం మానేసి, దారం పట్టుకుని బుద్ధిగా జారి ఇసుకలోకి దిగేది. ఇసుక ఎప్పుడూ తడిగా ఉండేది. తడి ఇసుకలో కూర్చున్న కుండలో నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో తాగినవాళ్లకే తెలుసు. తాగే నీళ్లు మాత్రం కుళాయివి కావు. శుద్ధి చేసిన నీళ్లు పెద్ద సీసాల్లో కొని, గుడ్డ వేసి వడగట్టి మరీ పోసేది. "సీసా నీల్లకి వడగట్టడమేటత్తా?" అని మేం నవ్వితే, "సీసాలో ఏటుందో నీకు తెల్సా? నీ కడుపులో ఏటుందో నాకు తెల్సా?" అనేది. ఆ జవాబుకు అర్థం నాకు ఈ రోజుకీ తెలియదు.

ఒకసారి సందులో కుర్రాళ్లందరూ కలిసి, బౌద్ధుల వానాకాలం వ్రతం ముగిసిన పండగకు ఏదైనా మంచిపని చేద్దామనుకున్నారు. డోజీ కుళాయి ఇన్నాళ్లుగా కారుతోంది, పాపం ముసలావిడ దారం కట్టుకుని తంటాలు పడుతోంది అని జాలిపడి, ఆమె గుడికి వెళ్లిన సమయం చూసి కొత్త కుళాయి బిగించేశారు. చుక్క కారితే ఒట్టు. దారం తీసి పారేశారు. తిరిగొచ్చిన అత్తకు అందరూ వరసగా నిలబడి చూపించారు. ఆమె వాళ్ల ముఖాలు చూసింది, కుళాయి చూసింది, లోపలికెళ్లి పసుపు తెచ్చి కుళాయికి రాసి బొట్టు పెట్టింది, అందరికీ సేమియా చేసిపెట్టింది. మర్నాటికి ఇసుక ఎండింది. ఆ మర్నాటికి కుండలో నీళ్లు వెచ్చబడ్డాయి. సైకారు, అంటే సైకిల్‌రిక్షా, తొక్కే అతను ఒక గుక్క తాగి లోటాలోకి వింతగా చూశాడు. ఆ సాయంత్రం నేను మెట్లు దిగుతుంటే అత్త ఒక చేతిలో రెంచీ, ఇంకో చేతిలో పూలదారంతో కుళాయి దగ్గర కనబడింది. "ఎవులికీ సెప్పీకే. పిల్లలు పున్యం సేసుకున్నారు. అది ఆలకుండనీ" అంది. కొత్త కుళాయి కూడా కారడం మొదలుపెట్టింది. కుర్రాళ్లు వచ్చి నాసిరకం సరుకు అని కొట్టువాణ్ణి తిట్టుకున్నారు. అత్త కూడా వాళ్లతో కలిసి రెండు తిట్లు తిట్టింది.

ఆమెకు ఒక్కటే పట్టింపు. తాగినవాళ్లు లోటా బోర్లించి మేకుకు తగిలించాలి. లేకపోతే కిటికీలోంచి అరిచేది. ఆమె బర్మా మాట సగం తెలుగే. అయినా భిక్షకు వచ్చే చిన్న సన్యాసుల నుంచి కూరగాయల మోత మోసేవాళ్ల దాకా అందరికీ అర్థమయ్యేది. ఎవరెవరో వచ్చి తాగుతున్నారు, ఏ రోగాలున్నవాళ్లో ఏమోనని మా అమ్మ ఒకసారి అంది. "తాగినోడి ఇంటిపేరు మనకెందుకొదినా? లోటా బోర్లించినాడా నేదా, అది సూడు" అంది అత్త. మర్నాటి నుంచి మా అమ్మ కూడా అటు వెళ్తూ లోటా వైపు ఒక చూపు వేసేది. మా అమ్మ చేత మాట వినిపించడం సామాన్యమైన సంగతి కాదు.

ఆ కుండలను ఒక్కరోజు కూడా వదిలి ఎరగని మనిషి, ఒకే ఒక్కసారి వదిలింది. నా కోసం.

పెళ్లయ్యాక మా ఆయన లారీ పని మీద షాన్ కొండల్లో ఒక ఊళ్లో కాపురం పెట్టాం. యాంగాన్‌లో పుట్టి పెరిగినదాన్ని, చలి అంటే డిసెంబరు పొద్దుల్లో స్వెట్టరు వేసుకుని టీకొట్లో కూర్చోవడమే అనుకునేదాన్ని. అక్కడ తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు ఉండేది. బకెట్లో నీళ్ల మీద పెంకు కట్టేది. మా ఇంటికి ఒకే ఒక్క కుళాయి, అదీ బయట, రాతిమెట్ల పైన. అది కారేది. కారిన నీళ్లు మెట్ల మీదుగా పారి, పొద్దుటికి గడ్డకట్టి నున్నగా అద్దంలా తయారయ్యేవి. నీళ్లు కావాలంటే ఆ మెట్లెక్కాలి. నాకప్పుడు ఐదో నెల. అంతకు ముందు ఏడాది ఒక కడుపు నిలవలేదు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని, గోడ తడుముకుంటూ ఎక్కేదాన్ని. అద్దెకిచ్చిన ఇంటివాళ్లు ఇదిగో బాగుచేయిస్తాం, అదిగో బాగుచేయిస్తాం అనేవాళ్లు. మా ఆయన లారీతో దారిలోనే ఉండేవాడు.

ఒక పొద్దున జారాను. గోడ చేతికందింది కాబట్టి పడలేదు. లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను. అమ్మకు చెబితే భయపడి ఊరంతా ఏకం చేస్తుందని అత్తకు ఫోన్ చేశాను. "నీల్లు గడ్డకట్టడమేటే? ఐసు ఫేక్టరీ పక్కన కాపరమెట్టినావా?" అని నవ్వింది ముందు. తర్వాత జారిన సంగతి చెప్పాను. "మెట్లెక్కీకు. నానొస్తన్నాను" అంది.

నేను నమ్మలేదు. ఊరు దాటి ఎరగని మనిషి. కుండలు అందరూ కోజీ, అంటే పెద్దన్న, అని పిలిచే ఎదురు టీకొట్టు అతనికి అప్పగించి, ఇసుక చూపించి, దారం చూపించి, అతని చేత ఒట్టు వేయించుకుని మరీ బస్సెక్కిందని తర్వాత తెలిసింది. రెండోనాడు పొద్దున్నే మా వాకిట్లో దిగింది. యాంగాన్ స్వెట్టరు, చెవులకు మఫ్లరు, బుగ్గలకు తనాకా చెక్క గంధం, కాళ్లకు రబ్బరు చెప్పులు. సంచిలో ఎండుచేపల పొట్లం, పూలదారం ఉండ, కుళాయిలో వేసే రబ్బరు బిళ్లలు. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది, చతికిలబడింది. నేను కెవ్వుమన్నాను. ఆమె లేవకుండా అక్కడే కూర్చుని, మెట్టును అరచేత్తో నిమిరి చూసింది. "ఓలమ్మో, ఎంత నున్నగున్నాదే" అంది, చిన్నపిల్లలా. అంతలోనే నా వైపు చూసి ముఖం మారిపోయింది. "నువ్వు దీన్నెక్కి నీల్లు తెస్తన్నావా? ఇన్నాల్లూ?"

రెండు రోజులు ఆమె ఆ కుళాయితో యుద్ధం చేసింది. ముందు తనకు తెలిసిన విద్యే ప్రయోగించింది. కుళాయి మూతికి దారం కట్టి, మెట్ల మీద పడకుండా పక్కనున్న బకెట్లోకి వదిలింది. పని అయిపోయిందని చేతులు దులుపుకుంది. మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే దారం కర్రలా బిగుసుకుపోయి ఉంది. దాని మీద పేరుకున్న గడ్డ వేలంత లావు. చుక్కలు దారి దొరక్క మళ్లీ మెట్ల మీదికే పారాయి. అత్త దాన్ని పుటుక్కున విరిచి, చేతిలో తిప్పి చూసి, నోట్లో పెట్టుకుని చప్పరించింది. "మన దారం ఇక్కడ పని సెయ్యదే. ఈ ఊరి సలికి సిగ్గూ సెరం నేదు" అంది.

తర్వాత ఇంటావిడ దగ్గరికి వెళ్లి, ఏ భాషలో ఏమందో తెలియదు, పైన గొట్టం దగ్గర నీళ్లు ఆపించింది. కుళాయి విప్పింది. లోపలి బిళ్ల పొడిపొడిగా రాలింది. తాను తెచ్చిన బిళ్లలు ఒక్కటీ సరిపోలేదు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. అన్నీ అటూ ఇటూ తిప్పి చూసి, నేలమీద కూర్చుని, కుడికాలి చెప్పు విప్పింది. మడమ దగ్గర బ్లేడుతో గుండ్రంగా ఒక ముక్క కోసింది. మధ్యలో మేకుతో పొడిచింది. అదే లోపల పెట్టి బిగించింది. కుళాయి ఆగింది. పూర్తిగా ఆగిందని చెప్పను, ఎప్పుడో ఒక చుక్క రాలేది. ఆ చుక్కకు కూడా కొడవలితో నేల గీరి చిన్న కాలువ తీసి, ఇంటావిడ క్యాబేజీ మడిలోకి దారి చూపించింది. గొట్టానికి గోనెపట్టా చుట్టింది. చాలలేదని తన స్వెట్టరు విప్పి దాని పైన చుట్టి, చేతులు రెండూ ముడేసింది.

"కుళాయికి సీమంతం సేస్తన్నావా అత్తా?" అన్నాను.

"ముందు దీనికి జరిగితేనే తరవాత నీకు జరుగుతాది" అంది, దుప్పటి కప్పుకుంటూ.

చలి విరిగేదాకా ఉండిపోయింది. రోజూ పొద్దున్నే నాకన్నా ముందు లేచి మెట్ల మీద పొయ్యిలో బూడిద చల్లేది. నన్ను బకెట్ ముట్టుకోనిచ్చేది కాదు. మడమ కోసిన చెప్పు, మామూలు చెప్పు వేసుకుని ఒక పక్కకు ఒరుగుతూ నడిచేది. మా ఆయన బూట్లు కొనితెస్తే, వాటిని తలగడ దగ్గర పెట్టుకుంది గాని వేసుకోలేదు. రోజుకోసారి మాత్రం యాంగాన్‌కి, టీకొట్టు కోజీకి ఫోను. పలకరింపు లేదు, కుశలం లేదు. "ఇసక తడిగున్నాదా?" అదొక్కటే. తడిగానే ఉంది డోజీ అని అతనంటే గాని ఆమెకు ముద్ద దిగేది కాదు. కుండల మీద బెంగ పెట్టుకుందని నాకు తెలుసు. ఒక్కసారి కూడా వెళ్తాననలేదు.

నా కూతురికి ఇప్పుడు పదేళ్లు. అది అల్లరి చేస్తే కొడతానని నేను చెయ్యెత్తినప్పుడల్లా అత్త, "నా సెప్పు అరగదీసి కన్నావు దాన్ని. మీద సెయ్యేస్తే రెండో సెప్పు తీస్తాను" అనేది. ఆ కొండ మీది కుళాయిలో ఆ చెప్పు ముక్క ఇంకా ఉండే ఉంటుంది. ఎవరి ఇంట్లోనో, ఎవరి బకెట్లోనో నీళ్లు పడుతున్నప్పుడు కిందపడకుండా ఇంకో మనిషిని కాపాడుతూ ఉంటుంది. నాకు దేవుడి మీద నమ్మకం ఎంతో కచ్చితంగా చెప్పలేను. ఆ చెప్పు ముక్క మీద మాత్రం నమ్మకం ఉంది.

మేం యాంగాన్ తిరిగొచ్చి మళ్లీ ఆ పై వాటాలోనే దిగాం. పోయిన వానాకాలం నుంచి అత్తకు బాగుండడం లేదు. లమ్మడా పేటలో ఉండే కొడుకు వచ్చి ఆమె దగ్గరే ఉన్నాడు. కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని, గూడు వైపే చూస్తూ కూర్చునేది. అరిచే ఓపిక పోయింది. ఎవరైనా లోటా బోర్లించకపోతే కిటికీ ఊచ మీద ఉంగరంతో టక్కుటక్కుమని కొట్టేది. పోవడానికి కొద్ది రోజుల ముందు కొడుకునీ నన్నూ పిలిచి, "నాను ఎల్లిపోయినాక ఏటైనా సేసుకోండి. కుండలు మాత్రం ఎండబెట్టీకండి. ఎండలు ముదురుతున్నాయి" అంది. ఇంకే అప్పగింతలూ పెట్టలేదు. అడగడానికి ఆమెకు ఇంకేమీ లేదు కూడా.

సరిగ్గా ఆ కుండల దగ్గరే చిక్కొచ్చింది. శ్మశానం నుంచి అందరూ తిరిగొచ్చి స్నానాలయ్యాక, మా వాళ్లలో పెద్దాయన ఇంట్లో నీళ్లన్నీ పారబోయించాడు. బయట గూట్లో కుండలు కూడా పోయినావిడ చేతివే కాబట్టి ఉంచకూడదన్నాడు. తీసుకెళ్లి పారేయించాడు. "పెద్దకర్మ అయ్యీదాకా ఇంటోలు ఎవులూ నీల్లు పెట్టకూడదు. మైల" అన్నాడు. ఆయన చెప్పింది ఆచారమే. ఎవరూ కాదనలేదు. అత్త కొడుకు తలవంచుకుని నిలబడ్డాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

టీకొట్టు కోజీ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి తొంగి చూశాడు. "డోజీ గూడు ఖాళీగా ఉంది. ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి వెళ్లిపోయారు. నేను పెడదామనుకున్నాను. మీ ఆచారం తెలియదు, ముట్టుకుంటే తప్పవుతుందేమోనని ఊరుకున్నాను" అన్నాడు, అందరి ముఖాలూ చూస్తూ.

అందరూ నా వైపు చూశారు. నేను తడిజుట్టుతో ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉన్నాను. "నానూ మైల్లోనే ఉన్నాను కదా, ఎలా ముట్టుకుంటాను?" అన్నాను.

"నీకేటి మైలమ్మా?" అన్నాడు పెద్దాయన. "నీది ఏరే ఇంటిపేరు. ఆయమ్మ నీకేటవుతాదని?"

ఆయన చెడ్డగా అనలేదు. ఉన్నమాటే అన్నాడు. పబేడాన్‌లో కబురు విన్నప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. నలుగురిలో ఉన్నానని కూడా చూసుకోకుండా ఏడ్చాను. నాకేమవుతుందో ఏమని చెప్పను? చెప్పు విప్పి కోసింది, స్వెట్టరు కుళాయికి చుట్టింది, నా కడుపు నిలబెట్టింది. దీనికి మా వరసల్లో పేరు లేదు. మైల పట్టాలంటే ఒకే ఇంటివాళ్లయి ఉండాలి. ఆమె కోసం మైల పట్టే అర్హత కూడా నాకు లేదని నలుగురి ముందూ తేలిపోయింది.

అత్త కొడుకు నా ముందుకొచ్చి గొంతుక్కూర్చున్నాడు. "వదినా, మాకే ముట్టుకునే యీలు నేదు. నీకున్నాది" అన్నాడు మెల్లగా. "ఇక్కడున్నోలందర్లో అమ్మ పనికి నువ్వొక్కదానివే మిగిలినావు."

ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. లేచి కళ్లు తుడుచుకుని, కోజీని వెంటబెట్టుకుని బజారుకు నడిచాను. మా సందు చివరి బజార్లో కుండలమ్మే ఆవిడ, ఎవరి కోసమో అడగకుండానే రెండు మంచి కుండలు ఏరి, వేలితో కొట్టి చూసి ఇచ్చింది. అతనొకటి, నేనొకటి పట్టుకుని వచ్చాం. మా పై వాటా నుంచి నీళ్ల సీసా దింపించాను. గుడ్డ వేసి వడగట్టాను. సీసా నీళ్లే. అయినా వడగట్టాను.

కుండలు పెడదామని గూట్లోకి వంగితే, తొట్టిలో ఇసుక తడిగా ఉంది. ఇంతమంది వచ్చి వెళ్లిన గొడవలో ఆ దారాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అత్త చివరిసారి కట్టిన ముడి కుళాయి మూతికి అలాగే ఉంది. దారం పొడవునా ఒక చుక్క నెమ్మదిగా జారుతోంది. ఇసుకలో పాత కుండలు కూర్చున్న చోట రెండు గుంటలు, ఆమె ఇప్పుడే తీసినంత నున్నగా ఉన్నాయి. కొత్త కుండలు రెండూ ఆ గుంటల్లో దింపాను. సరిగ్గా కూర్చున్నాయి.

మోత దించి నిలబడ్డ ఒక కూరగాయలావిడ వచ్చి, లోటా ముంచుకుని ఒక్క గుక్కలో తాగేసింది. ఇంకోటి తాగింది. మూతి తుడుచుకుంది. మోత ఎత్తుకోబోయి ఆగి, ఒకసారి తలెత్తి కిటికీ వైపు చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె వెనక్కొచ్చి, లోటా బోర్లించి మేకుకు తగిలించి వెళ్లింది.